ఆగడం వచ్చాకే దిగండి: కొండ సైకిలు మిత్రులకు తలకిందుల సలహాలు

కెనడాలో, ఒంటారియో రాష్ట్రంలోని గ్వెల్ఫ్‌లో కొండలు లేవు. స్పీడ్, ఎరమోసా నదులు కలిసే ఈ ఊళ్లో ఎత్తు అని చెప్పుకోవాలంటే అవర్ లేడీ చర్చి నిలబడిన గుట్టే. అయినా చదువుకో ఉద్యోగానికో ఇక్కడికి వచ్చిన మన కుర్రాళ్లు గ్వెల్ఫ్ లేక్ పక్కన అడవి దారుల్లో మౌంటెన్ బైకు తొక్కడం మొదలుపెట్టారంటే, కొన్నాళ్లకే ఆల్ప్స్ మాట ఎత్తుతారు. నలుగురు స్నేహితులు, వారం రోజుల సెలవు, ఫ్రాన్సు వైపు మోర్జిన్, లే జే, స్విట్జర్లాండు వైపు షాంపెరీ. సైకిలును లిఫ్టు పైకి చేరుస్తుంది, రోజంతా దిగడమే మన పని.

వెళ్లండి, తప్పకుండా వెళ్లండి. ఇంత సంతోషమిచ్చే ఆటలు తక్కువ. కాకపోతే బయల్దేరేముందు స్నేహితుల నుంచి అందే సలహాలన్నీ ఒకే తీరుగా ఉంటాయి: భయం వదిలెయ్, బ్రేకు వదిలెయ్, ముందువాణ్ని మాత్రం వదలకు. నేను చెప్పేవి వీటికి తలకిందులుగా ఉంటాయి. వినగానే కొన్ని పిరికి మాటల్లా, కొన్ని శుద్ధ తప్పుల్లా అనిపించవచ్చు. ఒక్కొక్కటీ నమ్మే చెబుతున్నాను. కొండ దిగే విద్యలో మొదటి పాఠం ఆగడం. మిగతావన్నీ దాని తర్వాతే.

1. కొత్త సైకిలు కొనకండి

ఆల్ప్స్ ప్రయాణం ఖాయం కాగానే అందరి కళ్లూ సైకిళ్ల దుకాణం వైపు తిరుగుతాయి. ఆ డబ్బు ఆపండి. గ్వెల్ఫ్ చుట్టుపక్కల దారులకు సరిపోయే తేలిక సైకిలు వేరు, ముందూ వెనకా దాదాపు 200 మిల్లీమీటర్లు కుంగే సస్పెన్షన్‌తో బరువుగా ఉండే డౌన్‌హిల్ సైకిలు వేరు. రెండోది ఇక్కడ కొని ఏడాదంతా గోడకు ఆనించి పెట్టడం కంటే, అక్కడ అద్దెకు తీసుకోవడం మేలు. కరెంటు సైకిలు ఉన్నవాళ్లు దాన్ని వెంట తీసుకెళ్లే ఆలోచనే మానుకోండి. అంత పెద్ద లిథియం బ్యాటరీని ప్రయాణికుల విమానంలోకి అనుమతించరు.

మిగిలిన డబ్బు తలకు, మోకాళ్లకు, పాఠాలకు పెట్టండి. గడ్డం కూడా కప్పే ఫుల్‌ఫేస్ హెల్మెట్ మీ సొంతదై ఉండాలి. లోపలి చీటీ మీద డౌన్‌హిల్ కోసం ఉద్దేశించిన ఏఎస్‌టీఎం ఎఫ్1952 ప్రమాణం ఉందో లేదో చూడండి. ఎవరో వాడినది చవకగా వస్తోందని కొనకండి. హెల్మెట్ లోపలి నురుగు ఒక గట్టి దెబ్బకే నలిగిపోతుంది, ఆ నలుగుడు పైకి కనిపించదు. మీ సొంత హెల్మెట్‌కు దెబ్బ తగిలినా అంతే, మార్చేయాలి.

2. కొండ కంటే ముందు పార్కింగ్ స్థలానికి వెళ్లండి

ఖాళీగా ఉన్న చదును పార్కింగ్ స్థలంలో ఒక గీత గీసి, వేగంగా వచ్చి సరిగ్గా దాని మీద ఆగడం నేర్చుకోండి. పిల్లల ఆటలా కనిపిస్తుంది, కానీ మన వాళ్లకు ఇది మరింత అవసరం. ఇండియాలో సైకిలుకైనా మోటారు బైకుకైనా కుడిచేతి లివరు ముందు చక్రానిది. కెనడాలో అమ్మే సైకిళ్లకు కుడిచేతి లివరు వెనక చక్రానిది. ఇంగ్లండులో మళ్లీ మన పద్ధతే. ఆల్ప్స్‌లో అద్దె దుకాణాలకు అన్ని దేశాల వాళ్లూ వస్తారు కాబట్టి మీ చేతికి అందే సైకిలుకు ఏ లివరు ఎటుందో ముందుగా ఊహించలేరు. చిన్నప్పటి నుంచి చేతికి పట్టిన అలవాటు ఆపద వేళ మెదడును అడగకుండానే పని చేస్తుంది. అందుకే దుకాణం గుమ్మం దాటకముందే రెండు లివర్లూ విడివిడిగా నొక్కి చూడండి. మీకు అలవాటైన వైపుకు మార్చమని అడగండి. సంకోచించాల్సిన పని లేదు, దుకాణాల వాళ్లకు అది మామూలే.

3. ముందు బ్రేకునే నమ్ముకోండి

"ముందు బ్రేకు పట్టావంటే మొహం మీద పడతావ్" అని మనందరికీ చిన్నప్పుడే చెప్పారు. వాలు మీద ఆ మాట వింటే ప్రమాదం. బ్రేకు పట్టగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది, వెనక చక్రం తేలికైపోతుంది. తేలికైన చక్రం నేలను పట్టుకోలేక జారుతుంది. అంటే ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రానిదే. మొహం మీద పడటానికి అసలు కారణాలు లివరును ఒక్కసారిగా బిగించడం, ఒళ్లు ముందుకు తూలడం. పెడళ్లు సమంగా ఉంచి, మడమలు కిందికి దించి, మోకాళ్లు మోచేతులు వంచి, ఒంటిని కిందికి దించుకుని, ఒక్క వేలితో నెమ్మదిగా పట్టు పెంచండి. మలుపు మధ్యలో ముందు బ్రేకు పట్టకండి. వేగమంతా మలుపుకు ముందే, తిన్నటి దారిలోనే తగ్గించుకోవాలి.

4. ఎక్కిన దానికంటే నెమ్మదిగా దిగండి

తిరుమల కనుమ దారుల్లో దేవస్థానం వాహనాలకు కనీస ప్రయాణ సమయం నిర్ణయించింది. పైకి 28 నిమిషాలు, కిందికి 40 నిమిషాలు. అంతకంటే ముందే చేరితే జరిమానా. దిగడానికే ఎక్కువ సమయం ఎందుకో కనుమ దారిలో బండి నడిపిన ఏ డ్రైవరైనా చెబుతాడు. బ్రేకులు కాలతాయి.

సైకిలుకూ అంతే. మనిషీ సైకిలూ కలిసి 100 కిలోలు, దిగే ఎత్తు 500 మీటర్లు అనుకోండి. ఆ దిగుడులో వదిలించుకోవాల్సిన శక్తితో దాదాపు లీటరున్నర నీళ్లు మరిగించవచ్చు. అందులో కొంత గాలికీ టైర్లకూ పోతుంది, మిగిలిందంతా రెండు పల్చటి డిస్కుల మీదే పడుతుంది. గ్వెల్ఫ్ లేక్ దారుల్లో ఈ సంగతి మనకు తెలియదు. అరగంట దూరంలో మిల్టన్ దగ్గర, నయాగరా ఎస్కార్ప్‌మెంట్ మీదున్న కెల్సోలో కూడా దిగుడు మొదలైన కాసేపటికే అయిపోతుంది. ఆల్ప్స్‌లో అది అంత త్వరగా అయిపోదు. బ్రేకును ఆపకుండా సన్నగా రాస్తూ దిగితే ప్యాడ్లు వేడెక్కి నున్నబడతాయి, లోపలి ద్రవం కాగుతుంది, లివరు హ్యాండిల్‌కు తగిలేదాకా నొక్కినా చక్రం ఆగదు. గట్టిగా పట్టి వదలండి, మళ్లీ పట్టి వదలండి. మధ్య మధ్య దారి పక్కకు తప్పుకుని నిలబడండి. డిస్కులు చల్లారతాయి, మీ ముంజేతులూ సడలుతాయి. డిస్కును మాత్రం చేత్తో ముట్టుకోకండి, చర్మం కాలుతుంది.

5. ముందువాడి వెంట పడకండి

ముందు వెళ్లేవాడి చక్రం చూస్తూ తొక్కితే దారి దానంతటదే తెలుస్తుందని చెబుతారు. ఆ చక్రం మీకు వాడి తప్పులే చూపిస్తుంది, పైగా మీ ముందున్న రాళ్లనూ వేళ్లనూ దాచేస్తుంది. వాడు పడితే మీరు వాడి మీదే పడతారు. దుమ్ములో, మలుపుల్లో ఇంకా దూరం ఇవ్వండి. చూపు ఎప్పుడూ మీరు వెళ్లాల్సిన చోట ఉండాలి, చక్రం కింద ఉండకూడదు.

ఆల్ప్ దుయెజ్‌లో 1995 నుంచి జరుగుతున్న మెగావలాంష్ పోటీ వీడియోలు చూసి చాలామందికి గుంపుగా దిగాలనిపిస్తుంది. 3,300 మీటర్ల ఎత్తున మంచు మీద వందల మంది ఒకేసారి బయల్దేరే పోటీ అది. అక్కడికి చేరేవాళ్లు అర్హత పందెం దాటి, దానికి సిద్ధపడి వస్తారు. మన నలుగురి సెలవు దినానికి అది నమూనా కాదు.

6. అందరికంటే బాగా తొక్కేవాణ్ని చివర పెట్టండి

చాలా గుంపుల్లో మంచి రైడరు ముందు దూసుకుపోతాడు, కొత్తవాడు అందరి వెనకా ఒంటరిగా మిగులుతాడు. కొత్తవాడు పడితే చూసేవాళ్లే ఉండరు. కింద కాఫీ తాగుతూ అరగంట తర్వాత "వాడేడిరా?" అనుకుంటారు. ఈ వరస తిప్పేయండి. దారి తెలిసిన నిదానస్తుడు ముందు, కొత్తవాళ్లు మధ్యలో, గట్టి రైడరు చివర. ప్రథమ చికిత్స సంచీ, పనిముట్లు, పంపు చివరి వాడి దగ్గరే ఉండాలి. దారి చీలే ప్రతిచోటా అందరూ వచ్చేదాకా ఆగాలి. చివర వచ్చినవాడికి కూడా ఊపిరి తీసుకునే వ్యవధి ఇచ్చాకే కదలాలి. వాడు రాగానే మిగతావాళ్లు బయల్దేరితే, విశ్రాంతి అవసరమైనవాడికే విశ్రాంతి దక్కదు.

7. మొదటిసారి నడిచి చూడండి

సైకిలు దిగి నడవడం నామోషీ అనుకునేవాళ్లు ఒక్క సంగతి తెలుసుకోవాలి. ప్రపంచ కప్ డౌన్‌హిల్ పోటీల్లో ట్రాక్‌ను కాలినడకన చూసుకోవడానికే ప్రత్యేకంగా సమయం కేటాయిస్తారు. 2011లో షాంపెరీలో వానలో, బురదలో డానీ హార్ట్ ప్రపంచ చాంపియన్ అయిన దిగుడును ఇప్పటికీ జనం నోరెళ్లబెట్టి చూస్తారు. అలాంటివాళ్లే నడిచి చూసుకుంటుంటే మనకెందుకు సిగ్గు? ఎగరాల్సిన చోటు, కిందికి దూకాల్సిన గట్టు ఎదురైతే ఆగి, దిగి, ఎక్కడ వాలాలో చూసి రండి. ఏ దారైనా మొదటిసారి నెమ్మదిగా, రెండోసారి ఒడుపు చూసుకుంటూ, మూడోసారి స్వేచ్ఛగా దిగాలి.

రంగుల విషయంలోనూ జాగ్రత్త. కెనడాలో దారుల గుర్తులు ఆకుపచ్చ వృత్తం, నీలం చతురస్రం, నల్ల వజ్రం. ఆల్ప్స్‌లో నీలానికీ నలుపుకూ మధ్య ఎరుపు ఉంటుంది. ఇక్కడ నీలం దారి బాగా దిగుతున్నానని అక్కడ నేరుగా ఎరుపు ఎక్కకండి. మొదటి రోజంతా ఆకుపచ్చలో, నీలంలో గడపండి.

8. బాగా తొక్కుతున్నప్పుడే మానేయండి

"ఒక్క రౌండురా, లాస్ట్!" ఈ మాట మీ గుంపులో నిషేధించండి. మధ్యాహ్నం దాటేసరికి వేళ్లు బిగుసుకుంటాయి, కాళ్లు వణుకుతాయి, ఉత్సాహం మాత్రం ఉదయం కంటే ఎక్కువే ఉంటుంది. అలసిన ఒళ్లు, పెరిగిన ధీమా కలిసిన వేళే ఎముకలు విరుగుతాయి. ఆల్ప్స్‌లో వేసవి మధ్యాహ్నాలు ఉరుములతో వాన తెస్తాయి కూడా. పిడుగుల భయం ఉంటే లిఫ్టులు ఆపేస్తారు. పొద్దున్నే మొదలుపెట్టి, ఇంకా ఓపిక ఉండగానే ముగించండి. ఎవరైనా "నాకు చాలు" అంటే కారణం అడగొద్దు. "ఏరా, భయమా?" అనే స్నేహితుడు ఆ రోజుకు అందరికంటే ప్రమాదకరమైనవాడు.

9. తలకు దెబ్బ తగిలినవాడి మాట వినకండి

పడి లేచినవాడు మొదట అనే మాట "ఏం కాలేదు, పదండి". నమ్మకండి. 2013లో ఒట్టావాలో రోవన్ స్ట్రింగర్ అనే 17 ఏళ్ల రగ్బీ క్రీడాకారిణి, తలకు తగిలిన దెబ్బ మానకముందే మళ్లీ ఆడి, మళ్లీ దెబ్బ తగిలి చనిపోయింది. ఆమె పేరు మీద ఒంటారియో 2018లో రోవన్స్ లా అనే చట్టం తెచ్చింది. తలకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే ఆటగాణ్ని వెంటనే ఆట నుంచి తప్పించాలన్నది దాని సారం. ఆ చట్టం సంఘటిత క్రీడలకు వర్తిస్తుంది. మన నలుగురికి అది మనమే పెట్టుకోవాల్సిన నియమం. తలనొప్పి, వాంతి, తూలుడు, అడిగిందే అడగడం, వెలుతురు చూడలేకపోవడం, వీటిలో ఏది కనిపించినా వాడి రోజు ముగిసినట్టే. సైకిలు తోసుకుంటూ వెంట ఒకరు నడవాలి, డాక్టరుకు చూపించాలి. ఐరోపాలో అత్యవసర ఫోను నంబరు 112.

10. సైకిలు కంటే ముందు బీమా పత్రం చదవండి

ఇండియా పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు కెనడా పీఆర్ ఉన్నా షెంజెన్ వీసా కావాలి. దానికి కనీసం 30,000 యూరోల వైద్య బీమా చూపించాలి. వీసా కోసం చవకలో తీసుకున్న బీమా డౌన్‌హిల్ సైక్లింగును "ప్రమాదకర క్రీడ" కింద మినహాయించవచ్చు. వీసా వచ్చినంత మాత్రాన మీకు రక్షణ ఉన్నట్టు కాదు. ఒంటారియో ప్రభుత్వ బీమా ఓహిప్ దేశం దాటాక భరించేది చాలా కొద్ది. కొండ మీంచి హెలికాప్టరులో దించితే ఆ బిల్లు మీ చేతికే రావచ్చు. మౌంటెన్ బైకింగూ, కొండ మీంచి రక్షణా రెండూ వర్తిస్తాయని రాతపూర్వకంగా తెలుసుకున్నాకే టికెట్లు కొనండి.

11. వాన వెలిసిన మర్నాడు సైకిలు తీయకండి

మంచు కరిగిన వసంతంలో, గట్టి వాన పడ్డ మర్నాడు ఎండ చూడగానే బయల్దేరాలనిపిస్తుంది. మెత్తటి నేల మీద టైరు కోసిన గాడి ఎండాక గట్టిపడుతుంది, తర్వాతి వానకు అదే కాలువవుతుంది, దారి కొట్టుకుపోతుంది. గ్వెల్ఫ్‌లో ఈ దారులను చూసుకునేది గ్వెల్ఫ్ ఆఫ్-రోడ్ బైసైక్లింగ్ అసోసియేషన్ స్వచ్ఛంద సభ్యులు. వాళ్లు గడ్డపారా పారా పట్టి నిలబెట్టిన దారిని ఒక్క ఉదయంలో పాడుచేసే హక్కు ఎవరికీ లేదు.

ఆల్ప్స్ కలగంటున్న ప్రతి గుంపుకూ నా విన్నపం ఇది. ఈ వేసవిలో ఆ సంఘంలో చేరండి, దారులు బాగుచేసే రోజున ఒకసారి వెళ్లి పని చేయండి. నీళ్లు ఎటు పారతాయో, మలుపుకు ఒడ్డు ఎందుకు కట్టారో, రాయి అక్కడే ఎందుకు ఉంచారో చేతులతో నేర్చుకుంటారు. దారి ఎలా పుడుతుందో తెలిసినవాడు ఏ కొండ మీదైనా దాన్ని ముందుగానే చదవగలడు. మీతో వచ్చే స్నేహితుల్లో ఎవరికి ఇంకా ఆగడం రాదో చూడండి. వాళ్లకు ఈ వారమే పార్కింగ్ స్థలంలో నేర్పండి. టికెట్ల సంగతి ఆ తర్వాత చూసుకోవచ్చు.