మా రోజుల్లో పాటకి చిరునామా ఉండేది కాదు

ఇప్పుడు పాట ఎత్తుకుని నాలుగు క్షణాలు కాకముందే ఫోను దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ ఏకరువు పెడుతుంది. పాడినవాడెవడు, ఏ ఊరివాడు, నిన్న రాత్రి ఏం తిన్నాడు, ఎవరితో తిరుగుతున్నాడు. ఇన్ని తెలిశాక ఇక పాట వినే ఓపిక ఎక్కడుంటుంది? మా మనవణ్ణి చూస్తూనే ఉన్నాగా, పల్లవి పూర్తయ్యేలోపే బొటనవేలితో పక్కకి తోసేస్తాడు.

మా రోజుల్లో క్యాసెట్టు మీద బాల్‌పెన్నుతో గీకిన రెండు మాటలే ఆధారం. అదీ అసలు క్యాసెట్టు కాదు, నకలుకి నకలు. రికార్డింగ్ షాపువాడికి చీటీ రాసిచ్చి, వాడి దయ కలిగినప్పుడు తెచ్చుకోవడమే. పాడేవాడు బతికున్నాడో పోయాడో కూడా తెలీదు. తెలీదు గనకే చెవి మొత్తం పాట మీదే ఉండేది.

ఇదంతా ముసలి చాదస్తం అనేవాళ్ళకి సిక్స్టో రోడ్రిగెజ్ సంగతి చెబుతాను. జానపదం, రాక్ కలిపి గిటారు మీద తన పాట తనే కట్టి పాడుకున్న మనిషి.

1942లో అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టాడు. కార్ల ఫ్యాక్టరీల ఊరు. మెక్సికో నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చిన కుటుంబం, అందులో ఈయన ఆరో బిడ్డ. బార్లలో జనానికి వీపు చూపించి పాడేవాడట. ఇప్పటివాళ్ళు పాడే పాటకంటే కెమెరాకి చూపించే మొహమే ఎక్కువ, ఈయనకేమో మొహం చూపించడమే ఇష్టం లేదు! డెన్నిస్ కాఫీ, మైక్ థియోడోర్ అనే ఇద్దరు ఆయన్ని విని మొదటి ఆల్బమ్ రికార్డు చేశారు. అది 1970లో వచ్చిన ‘కోల్డ్ ఫ్యాక్ట్’. 1971లో రెండోది, ‘కమింగ్ ఫ్రమ్ రియాలిటీ’. బాబ్ డిలన్ పక్కన నిలబెట్టదగ్గ మాట అన్నవాళ్ళున్నారు. అమెరికాలో మాత్రం కొన్న నాథుడు లేడు. కంపెనీ వదిలించుకుంది.

అయితే ఏం చేశాడు? ఏడుస్తూ వీడియో పెట్టలేదు. పాత ఇళ్ళు కూల్చే కూలిపనికి వెళ్ళాడు, దశాబ్దాల తరబడి. ఆ మురికి పనికి కూడా సూటు వేసుకొచ్చేవాడని తోటి పనివాడొకడు తరవాత చెప్పాడు. పిల్లల్ని పెంచాడు. మధ్యలో వేన్ స్టేట్ యూనివర్సిటీలో తత్వశాస్త్రం చదివి డిగ్రీ తెచ్చుకున్నాడు. నగర కౌన్సిల్‌కి పోటీ చేసి ఓడిపోయాడు. మా తరంలో ఇలాంటి మనుషులు వీధికొకరుండేవారు. పేపర్లో పడేవాళ్ళు కాదు, అంతే.

ఈలోగా ‘కోల్డ్ ఫ్యాక్ట్’ రికార్డు ఎలాగో దక్షిణాఫ్రికా చేరింది. వర్ణవివక్ష పాలన రోజులు. 1976 దాకా ఆ దేశంలో టీవీయే లేదు, ప్రభుత్వం రానిస్తేగా! అలాంటి చోట తెల్లవాళ్ళ ఇళ్ళల్లోని కుర్రాళ్ళు, తప్పనిసరి సైనికసేవకి పోయిన కుర్రాళ్ళు ఈ పాటల్ని చేతులు మారుస్తూ నకలు తీసుకున్నారు. పెద్దవాళ్ళని ప్రశ్నించొచ్చన్న ఊహ వాళ్ళకి ఆ గొంతులోంచే అందింది. అందులోని ‘షుగర్ మ్యాన్’ మత్తుమందుల పాట అని ప్రభుత్వ రేడియోవాళ్ళు తమ దగ్గరున్న రికార్డు మీద ఆ పాట మోగకుండా మొనదేలిన పనిముట్టుతో గీకేశారు. గీకితే ఆగుతుందా?

పాడినవాడి గురించి వాళ్ళకి తెలిసిందల్లా అట్ట మీద బొమ్మ. టోపీ, నల్లకళ్ళద్దాలు, బాసింపట్టు. ఇక పుకార్లు. వేదిక మీదే ఒళ్ళు తగలబెట్టుకున్నాడని కొందరు, తుపాకీతో కాల్చుకున్నాడని కొందరు. అక్కడ ఇంటింటా మోగుతున్న మనిషి డెట్రాయిట్‌లో ఇటుకలు మోస్తున్నాడు. అమ్మిన రికార్డుల పైకం కూడా ఆయనకి చేరలేదు. ఇది మా రోజుల పాపమే, కాదనను. ఆ డబ్బేమైందని కంపెనీ పెద్దని తరవాత కెమెరా ముందు అడిగితే ఆయనకి కోపం వచ్చింది. ఇప్పుడైతే ఒక్కో వినికిడికి పైసల్లో ఏదో వంతు ఖాతాలో వేసి, దానికి లెక్కల కాగితం కూడా పంపిస్తారు. దోపిడీకి రసీదు ఇవ్వడం ఈ కాలం సాధించిన ప్రగతి.

నా మనవడు ఇక్కడే పట్టుకుంటాడు. “ఇంటర్నెట్ వల్లే కదా తాతయ్యా ఆయన దొరికింది!” అని. సగం నిజం. కేప్‌టౌన్‌లో స్టీఫెన్ సెగర్‌మన్ అనే రికార్డుల పిచ్చాయన 1996లో రెండో ఆల్బమ్ సీడీ అట్ట మీద, ఈయన ఆచూకీ ఎవరైనా పట్టగలరా అని రాశాడు. క్రెయిగ్ బార్తలోమ్యూ అనే పాత్రికేయుడు అది చదివి వెతుకులాటలో పడ్డాడు. డబ్బు దారి పట్టుకుపోతే గోడ తగిలింది. పాటల్లో వచ్చే ఊళ్ళ వెంట తిరిగాడు. చివరికి ఒక పాటలో డియర్‌బోర్న్ అనే పేరు చిక్కింది. అట్లాసు తెరిస్తే డెట్రాయిట్ పక్కన! అక్కణ్ణుంచి మైక్ థియోడోర్ ఫోన్ నంబరు, ఆయన నోట మనిషి నిక్షేపంగా ఉన్నాడన్న మాట. ఆ పైనే, వీళ్ళు పెట్టిన వెబ్‌సైట్ చూసి రోడ్రిగెజ్ పెద్దకూతురు కబురు చేసింది. వెబ్‌సైట్ చేసిన ఉపకారం అంతే. మనిషిని పట్టిచ్చింది పాటలో మాట. వందలసార్లు వింటేనే ఆ మాట చెవిన పడుతుందిరా, బొటనవేలితో తోస్తే పడదు.

1998 మార్చిలో ఆయన కేప్‌టౌన్‌లో వేదికెక్కితే, చచ్చాడనుకున్న మనిషిని చూసి వేలమంది నిమిషాల తరబడి అరుస్తూనే ఉన్నారు, పాట మొదలుపెట్టనివ్వలేదు. సంపాదించింది చాలావరకు అయినవాళ్ళకి పంచిపెట్టి, మళ్ళీ అదే పాత ఇంటికి, అదే పనికి.

2012లో స్వీడన్ కుర్రాడు మాలిక్ బెంజెలూల్ ఈ కథని ‘సెర్చింగ్ ఫర్ షుగర్ మ్యాన్’ అని డాక్యుమెంటరీ తీశాడు. డబ్బులైపోతే కొన్ని దృశ్యాలు ఫోన్లో ఒక యాప్‌తో తీశాడట. ఫోను సద్వినియోగమైన సందర్భం నాకు తెలిసి అదొక్కటే. ఆస్కార్ కూడా వచ్చింది, రోడ్రిగెజ్ ఆ పండక్కి వెళ్ళలేదు. సినిమా మీద నాకో కోపం ఉంది. ఈయన 1979లో, 1981లో ఆస్ట్రేలియా వెళ్ళి కచేరీలు చేశాడు, అక్కడా అభిమానులున్నారు. ఆ ముక్క చెబితే కథలో మిస్టరీ పలచబడుతుందని కాబోలు, మింగేశారు.

ఆ తరవాత పెద్ద పెద్ద హాళ్ళు నిండాయి. అప్పటికి ఆయనకి డెబ్భై. గ్లకోమాతో చూపు మందగిస్తే చెయ్యి పట్టుకుని వేదిక మీదికి తీసుకురావాల్సి వచ్చేది. కొన్నిచోట్ల పాట తడబడిందని పేపర్లు రాశాయి, వచ్చినవాళ్ళు కొందరు పెదవి విరిచారు. విరవరూ మరి! వాళ్ళు టికెట్ కొన్నది సినిమాలో చూసిన కథకి. పాట కోసం వచ్చేవాళ్ళు 1998లోనే వచ్చి వెళ్ళారు. 2023 ఆగస్టులో, 81 ఏళ్ళ వయసులో, ఆయన పోయాడు.