బాకీ ఫోకస్

1975లో కొడాక్ ఇంజినీరు స్టీవెన్ సాసన్ చేసిన తొలి డిజిటల్ కెమెరాకు ఒక్క ఫొటోను క్యాసెట్ మీదికి ఎక్కించడానికి 23 సెకన్లు పట్టేది. నేటి సోనీ ఏ9 త్రీ కెమెరా సెకనుకు 120 ఫొటోలు కొట్టేస్తోంది. ఏం లాభం? సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకే పెళ్లికొడుకు బాబాయిగారు సెల్‌ఫోన్ ఎత్తి లెన్స్‌కు అడ్డంగా నిలబడతారు. 120 ఫ్రేముల్లోనూ ఆయన బట్టతలే, వెంట్రుక వెంట్రుకా లెక్కపెట్టేంత స్పష్టంగా!

ఎగిరే పిట్ట కన్నును పట్టే ఆటోఫోకస్ మన పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ఎందుకు? ఆల్బమ్ చేతికందాక మొహం చాటేసే పెళ్లిపెద్దను సంతలో ఉన్నా పట్టిచ్చే ‘బాకీ ఫోకస్’ కావాలి. ఆడపడుచు అలక తీర్చే బటన్ కూడానా? అత్యాశకైనా హద్దుండాలి!