గెలిచినవాడు లేవరాదు

"మాది జూదం కాదండీ, గేమ్. రూల్సుంటాయి."

జంషెడ్‌పూర్ సీతారాండేరాలో మనవాళ్ళ పేకాట గురించి ఎవరిని కదిపినా వచ్చే మొదటి మాట ఇది. ఏవయ్యా ఆ రూల్సు అంటే గోడకేసి చూపిస్తారు. వేంకటేశ్వరస్వామి కేలండరు కింద, చార్టు కాగితం మీద, స్కెచ్ పెన్నుతో రాసిన నియమావళి. అప్పు లేదు. మందు కొట్టి కూచోరాదు. బూతు మాట్లాడితే యాభై రూపాయల జరిమానా. పంచేటప్పుడు ముక్క తిరగబడితే ఆట రద్దు. పడేసిన ముక్క మళ్ళీ ఎత్తరాదు. ఫోను బోర్లించి పెట్టాలి. పక్కవారి చేతిలోకి తొంగిచూడరాదు. చదువుతుంటే కళ్ళు చెమరుస్తాయి. ఇంత కచ్చితంగా అమలయ్యే రాజ్యాంగం దేశంలో మరొకటి లేదు.

జూదరులకి చెడ్డపేరు ఎందుకొచ్చిందో దీన్నిబట్టి తెలుస్తోంది. వాళ్ళు గోడకి కాగితం అంటించుకోలేదు, అంతే. సువర్ణరేఖ ఒడ్డున తుప్పల చాటున గోనెపట్టా పరుచుకుని ఆడేవాడు జువారీ. వాడు పట్టుబడితే మర్నాడు హిందీ పేపర్లో తలొంచుకున్న ఫొటో. అవే యాభైరెండు ముక్కలు, అదే మూడు ముక్కలాట, అదే వందనోటు మన క్వార్టర్లోకి వస్తే దాని పేరు 'సిటింగ్'. మన దుప్పటి ఉతికినది, మన పకోడీ వేడిది. మనం డబ్బు లాక్కునేటప్పుడు కూడా "ఏమనుకోకండి అన్నయ్యగారూ" అని లాక్కుంటాం.

దీనికి సీజను బోనసు. టాటా స్టీలు వాళ్ళ బోనసు ఏటా పూజలకి ముందు చేతికొస్తుంది. సాక్చీ బజార్లో బట్టలకీ గిన్నెలకీ పోగా మిగిలింది దసరా నుంచి దీపావళి దాకా దుప్పటి మీదికి చేరుతుంది. దీపావళి రాత్రి పేక ముట్టనివాడు వచ్చే జన్మలో గాడిద అవుతాడని ఇక్కడి ఉత్తరాదివాళ్ళ నమ్మకం. మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళకేమో పేక సంక్రాంతి ముచ్చట. తాతల నాడే ఇక్కడికొచ్చి స్థిరపడ్డవాళ్ళం, రెండు సంస్కృతుల్నీ గౌరవించాలి కనక రెండు పండగలకీ ఆడతాం. జాతీయ సమైక్యత అంటే ఇంతకన్నా ఏముంటుంది?

కాగితం మీద రాయని నియమం ఒకటుంది. అసలు రాజ్యాంగం అదే: గెలిచినవాడు లేవరాదు. ఓడినవాడు ఎప్పుడైనా లేవొచ్చు, ఆపేవాడుండడు, జేబు ఖాళీ అయ్యాక ఉండమనేవాడూ ఉండడు. కానీ రెండు వేలు ముందుకెళ్ళినవాడు చెప్పులకోసం చూశాడా, గది గదంతా వాడికేసి చూస్తుంది. "అదేంటి బావా, అప్పుడేనా?" అంటాడొకడు. "తినేసి చెయ్యి కడిగేసుకుంటాడురా" అంటాడింకొకడు. బావ సిగ్గుపడి మళ్ళీ కూచుంటాడు. తెల్లవారుజామున మూడున్నరకి బావ సగౌరవంగా లేస్తాడు. అప్పుడెవరూ అడ్డుచెప్పరు. ఎందుకు చెప్పరో మీకు తెలుసు.

ఈ నియమానికి మినహాయింపు ఒక్కటే, సి షిఫ్టు. రాత్రి పదికి ఎక్కాల్సినవాడు తొమ్మిదిన్నరకి లేస్తే తప్పులేదు. కంపెనీ పని దైవకార్యం. దీంతో ఏం జరిగిందంటే, పండగ రోజుల్లో గెలిచినవాళ్ళందరికీ ఉన్నట్టుండి సి షిఫ్టు పడడం మొదలైంది. పోయిన నెల రిటైరైన పెద్దాయన కూడా ఓ రాత్రి తొమ్మిదిన్నరకి "సి షిఫ్టు" అని లేవబోయాడు. ఆయన్ని కూచోబెట్టడానికి ముగ్గురు పట్టారు.

ఇక డబ్బా సంగతి. బిస్కట్ల రేకుడబ్బాకి మూత మధ్య చీలిక కోసి ఇంటాయన మోకాలి పక్కన పెట్టుకుంటాడు. ప్రతి ఆటకీ గెలిచినవాడి కుప్పలోంచి ఇరవై రూపాయలు అందులో పడాలి. దీన్ని ఇక్కడ నాల్ అంటారు. టీకి, పకోడీకి, కరెంటుకి, కొత్త పేకకి అని వివరణ. సరే, లెక్క వేద్దాం. ఎనిమిదిమంది తలా 500 తెచ్చుకున్నారు, దుప్పటి మీద మొత్తం 4,000. మూడు ముక్కలాట గంటకి ఇరవై ఆటలు సాగుతుంది. రాత్రి పదిన్నర నుంచి మూడున్నర దాకా వంద ఆటలు. వంద ఇరవైలు 2,000. ఎవడు తెలివైనవాడైనా, ఎవడు ముక్కలు చూడకుండా బ్లైండు ఆడినా, ఎవడికి మూడు ఆసులు పడినా, తెల్లారేసరికి ఆ ఎనిమిదిమంది సొమ్ములో సగం డబ్బాలోకి పోయింది. ఆ రాత్రి గెలిచింది ఎవరని అడిగితే మాత్రం ఆటగాళ్ళు ఒకరి పేరొకరు చెప్పుకుంటారు. రెండు వేల రూపాయల పకోడీ తిన్న ఎనిమిదిమందికి అజీర్తి చెయ్యకపోవడం ఆ ఇంటి నూనె గొప్పదనం.

డబ్బాలో ఎంత పడిందో ఏ రోజుకారోజు చదివి వినిపిస్తే బాగుంటుంది కదా అని ఒక ఇంట్లో సూచించాను. "పెట్టినవాడి లెక్క అడగడం మర్యాద కాదు గురూ" అన్నారు. అన్నది ఇంటాయన కాదు, అప్పటికి పదమూడు వందలు పోగొట్టుకున్న మనిషి.

'అప్పు లేదు' అన్న నియమం తాత్పర్యం కూడా అక్కడే బోధపడింది. ఆటగాళ్ళు ఒకరికొకరు ఇచ్చుకోరాదని దాని అర్థం. ఇంటాయన ఇస్తే అది అప్పు కాదు, చేబదులు. డబ్బా మూత తీసి ఇస్తాడు. అంటే తన దగ్గర కోసిన సొమ్మే తను బాకీపడి పుచ్చుకుని, మళ్ళీ అందులోకే వేస్తాడన్నమాట మనవాడు. రిజర్వు బ్యాంకు వాళ్ళు ఒకసారి వచ్చి చూడాల్సిన ఏర్పాటు.

ఇంతలో చదువుకున్నాయన ఒకరు గొంతు సవరించుకుంటారు. ప్రతి సిటింగులోనూ ఒకాయన ఉంటారు. "సుప్రీంకోర్టే చెప్పింది. పేకాట నైపుణ్యం. మన సికింద్రాబాదు కేసే." నిజమే, మన కేసే. 1963లో సికింద్రాబాదు క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్బు మీద పోలీసులు పడ్డారు, డబ్బు పెట్టి రమ్మీ ఆడుతున్నారని పట్టుకెళ్ళారు. అది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, కె. సత్యనారాయణ కేసుగా సుప్రీంకోర్టుకెక్కింది. 1967లో తీర్పు రాసింది జస్టిస్ హిదాయతుల్లా. రమ్మీలో పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి అందులో ప్రధానమైనది నైపుణ్యమే అన్నారు. పేకకీ, కూచున్నందుకూ క్లబ్బు పుచ్చుకునే మామూలు రుసుమునీ తప్పుపట్టలేదు. ఈ దేశంలో రమ్మీ ఆడే ప్రతివాడూ ఆ తీర్పుకి రుణపడి ఉన్నాడు.

కానీ మన చదువుకున్నాయన ఆ తీర్పులో సగమే చదివారు. అదే తీర్పులో, రమ్మీని ఒడ్డున పడేసిన ఆ చోటే, ఫ్లష్ అనీ బ్రాగ్ అనీ పిలిచే మూడు ముక్కలాట శుద్ధ అదృష్టమని రాశారు. ఇంకో మాట కూడా ఉంది: రమ్మీ అయినా మరే ఆటైనా సరే, పందెం మీద ఇంటి యజమాని లాభం తీస్తున్నాడని రుజువైతే నేరం నిలబడొచ్చని. అంటే ఆయన ఏ తీర్పుని కవచంగా తొడుక్కున్నారో ఆ తీర్పులోనే ఆయన చేతిలో ఉన్న ముక్కలూ ఉన్నాయి, ఇంటాయన మోకాలి పక్కనున్న డబ్బా కూడా ఉంది. ఇక్కడి జూదం చట్టం 1867 నాటిది, టాటా స్టీలు పుట్టడానికి నలభై ఏళ్ళ ముందుది. దానికి స్కెచ్ పెన్ను సంగతి తెలియదు.

నైపుణ్యం మాటకొస్తే ఇంకో చిన్న లెక్క. యాభైరెండు ముక్కల్లోంచి మూడు ముక్కల చేతులు 22,100 రకాలుగా వస్తాయి. అందులో 16,440 చేతుల్లో జత కూడా ఉండదు, వరసా ఉండదు, రంగూ కలవదు. మూడూ ఒకే అంకె పడేవి 52. కాబట్టి నాలుగింట మూడుసార్లు మన నైపుణ్యమల్లా ఏమీ లేని చేతిని పట్టుకుని ఏదో ఉన్నట్టు మొహం పెట్టడం. ఈ విద్య మనవాళ్ళకి సహజంగానే అబ్బుతుంది, పెళ్ళిసంబంధాలు మాట్లాడేటప్పుడు అలవాటైనదే.

ఈమధ్య ఈ సభలోకి పోకరు వచ్చింది. బెంగుళూరు నుంచి దీపావళికి ఇంటికొచ్చిన కుర్రాడు సూట్‌కేసులో రంగురంగుల చిప్స్ పట్టుకొచ్చాడు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో డబ్బు పెట్టి ఫోన్లో ఆడే ఆటలు, నైపుణ్యమైనా అదృష్టమైనా, కట్టిపెట్టాల్సొచ్చింది. అప్పటిదాకా ఎవడి గదిలో వాడు తలుపేసుకుని పోగొట్టుకున్న కుర్రాళ్ళు ఇప్పుడు నలుగురిలో కూచుని పోగొట్టుకుంటున్నారు. కుటుంబ విలువలకి ఇది మంచిదేనేమో.

కుర్రాడికి గోడమీది కాగితం చూసి జాలేసింది. అసలైన నియమాలు అమెరికాలో ఉన్నాయన్నాడు. టోర్నమెంట్లు నడిపేవాళ్ళంతా 2001లో సంఘం పెట్టుకుని రాసుకున్నారట. వంతు రాకుండా నోరెత్తరాదు. పందెం ఒక్కసారిగా పెట్టాలి. కొంచెం పెట్టి ఎదుటివాడి మొహం చూసి మరికొంచెం పెట్టడం స్ట్రింగ్ బెట్, చెల్లదు. చిప్స్ కుప్పలోకి విసరరాదు. గెలిచే ముక్కలు చేతిలో ఉంచుకుని నింపాదిగా చూపించి ఏడిపించడం స్లో రోల్, అంతకన్నా నీచం లేదు. ఆట నడుస్తున్నంతసేపూ బల్లకి తెలిసిన భాషే మాట్లాడాలి, అమెరికాలో అయితే ఇంగ్లీషే. ఈ చివరిదానికి మన గదిలో కాసేపు గందరగోళమైంది. పందెం హిందీలో పలుకుతారు, తిట్టు తెలుగులో, ముక్క పేరు ఇంగ్లీషులో, పడ్డ బాధ బెంగాలీలో. ఏదో ఒకటే మాట్లాడమంటే మనిషికి సగం ఆట పోతుంది.

కుర్రాడు చెప్పినవాటిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. చేతగాకుండా ఆడేవాణ్ణి వెక్కిరించకూడదు, బల్ల దగ్గర పాఠాలు చెప్పకూడదు. ఎంత సంస్కారం! ఎందుకని అడిగాను. "వాడు నొచ్చుకుని లేచిపోతే డబ్బెవరిస్తారంకుల్? బాగా ఆడటం నేర్చుకుంటే మరీ ప్రమాదం" అన్నాడు. అబద్ధమాడలేదు కుర్రాడు, అందుకు మెచ్చుకోవాలి. మన కాగితం రాసినవాళ్ళకి ఆ పాటి నిజాయితీ లేదు. వేగాస్ అయినా సీతారాండేరా అయినా మర్యాదలన్నీ ఒక్కవైపే మొగ్గుతాయి. ఆట ఆగకూడదు, గొడవ కాకూడదు, కుప్ప చెదరకూడదు. మనిషి ఇంటికి ఎప్పుడెళ్ళాలో చెప్పే నియమం ఒక్కటంటే ఒక్కటి లేదు.

కుర్రాడు 'ఒక చేతికి ఒక్కడే' అన్నదగ్గర మాత్రం మా పెద్దాయన అడ్డుతగిలాడు. వెనక కూచున్న బావమరిది గుసగుసలు కూడదంటే ఎలా అని ఆయన బాధ. ఈ పేచీ కొత్తది కాదు. భారతంలో పందెం ఒడ్డేది దుర్యోధనుడు, పాచికలు వేసేది శకుని. ఒకడికోసం ఇంకొకడు ఆడటం పద్ధతి కాదని ధర్మరాజు అప్పుడే అన్నాడు. అని, ఆడాడు. పిలిస్తే కాదనకూడదన్నది ఆయన పెట్టుకున్న మర్యాద. రాజ్యం పోయింది, తమ్ముళ్ళు పోయారు, తను పోయాడు, ఆయన లేవలేదు. నియమాలు తెలియక కాదు, ఆ సభలో నియమాలు అందరికన్నా బాగా తెలిసినవాడు ఆయనే.

ఆ రోజు సరైన అభ్యంతరం లేవదీసింది ఆడని మనిషి. ముందు తన్నోడాడా, నన్నోడాడా అని అడిగించింది ద్రౌపది. తనే పోయినవాడికి ఇంకొకరిని ఒడ్డే హక్కెక్కడిది? బల్ల దగ్గర ఎవడైనా తేల్చాల్సిన ప్రశ్నే. తేల్చాల్సిన పెద్దమనిషి భీష్ముడు ధర్మం సూక్ష్మమైనదన్నాడు.

మొన్న దీపావళికి ముందు, రాత్రి ఒంటిగంట దాటాక, ఒకావిడ మా వీధిలో సిటింగు జరుగుతున్న గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. చేతిలో టార్చి. లోపలికి రాలేదు. "పాప ఫీజు డబ్బులు బీరువాలో లేవు. ఎవరినడిగి తెచ్చారు?" అంది, ఎవరి మొహమూ చూడకుండా. ఏడుగురూ తమ ముక్కల్లోకి దీక్షగా చూసుకున్నారు. ఎనిమిదో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. వంతు రాకుండా నోరెత్తరాదు కదా, ఎవరూ ఎత్తలేదు. చివరికి ఇంటాయనే, ఎంతో నెమ్మదిగా, రెండు చేతులూ జోడించి అన్నాడు:

"చెల్లెమ్మా, ఈ ఒక్క ఆటా అయిపోనీ తల్లీ. బావ బ్లైండులో ఉన్నాడు."