బొంత లెక్క

బొంత కుట్టడం ఇప్పుడు 'హాబీ' అయింది. ఉదయగిరి, ఆత్మకూరు వైపు అవ్వలు ఇన్నాళ్లూ ఆ సంగతి తెలియకుండానే కుట్టేశారు, పాపం! చిరిగిన చీరలు నాలుగు పొరలుగా పరిచి, పాత పంచె అంచుకు వేసి, అరుగు మీద కూర్చుంటే వాళ్లకు పని సాగేది. హాబీ వాళ్ల పద్ధతి వేరు. బజారులో కొత్త గుడ్డ కొంటారు, దాన్ని శుభ్రంగా ముక్కలు చేస్తారు, ఆ ముక్కల్నే మళ్లీ కలిపి కుడతారు. రంగు దారాలు, పాలిస్టర్ దూది, సూది బెజ్జం కనపడక కొత్త కళ్లజోడు... పావలా కోడికి ముప్పావలా మసాలా!

ఇంతా రాసిన లెక్కలో కూలి మాత్రం కనపడదు. మన రాష్ట్రంలో 2025-26కు ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. బొంతకు ఇరవై రోజుల పని అనుకున్నా 6,140. గుడ్డా దారం వేరే. ఉదయగిరి కోటను ఏడాదిన్నర ముట్టడించి 1514లో పట్టిన కృష్ణదేవరాయలు కూడా సైనికులను 'హాబీగా కొట్లాడండి' అనలేదు.

బేరం దగ్గర మాత్రం, "పాత చీరలే గదమ్మా, మూడొందలు తీసుకో" అంటారు. ఉదయగిరి చెక్క గరిటెలకు భౌగోళిక గుర్తింపైనా ఉంది. బొంతకు అదీ లేదు.

అయ్యా బేరగాళ్లూ, మీరిచ్చే మూడొందలు ఒక్క రోజు కూలికే ఏడు రూపాయలు తక్కువ. ముందు ఒక మూల కుట్టి చూపించండి, ఆ తర్వాత ధర చెప్పండి.