ఆర్నెల్లు ఆగు తమ్మీ

జల్‌పల్లిలో గేమింగ్ పీసీ అసెంబుల్ చేయించుకోవాలని బుద్ధి పుట్టిన కుర్రాడు ముందుగా వెళ్లేది అన్న దగ్గరికే. ఇలాంటి అన్న గల్లీకొకడుంటాడు. చాయ్ హోటల్ ముందు బైకు మీదే కాపురం. 2017లో రైజెన్ దిగింది మొదలు ఏ చిప్పు ఏ బోర్డు మీద కూర్చుంటుందో, దేనికి బయోస్ అప్‌డేట్ చేయాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఇంటెల్, ఏఎమ్‌డీ రెండింటికీ హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి. ఈయన్నెందుకు పిలవరో మరి.

మొన్న ఎయిర్‌పోర్టు కార్గోలో నైట్ డ్యూటీ చేసే కుర్రాడొకడు వచ్చాడు.

“అన్నా, నలభై వేలున్నయ్. ఏ ప్రాసెసర్ తీస్కోవాలె?”

“ఏమాడ్తవ్?”

“వాలరెంట్, జీటీఏ ఫైవ్.”

“ఐ3 12100ఎఫ్ తీస్కో. నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు, సాలు. మిగిలిన పైసలు గ్రాఫిక్స్ కార్డుకు పెట్టు.”

లక్షణమైన సలహా. అక్కడితో ఆపితే అన్న ఎట్లా అవుతాడు?

“అయితే తమ్మీ, నాలుగు కోర్లు ఎన్నొద్దులొస్తయ్? రైజెన్ 5 5600కు ఆరున్నయ్. 5500 అగ్గువనే గానీ దాన్ల ఎల్3 క్యాష్ 16 ఎంబీనే, 5600కు 32. ఇగ అవి రెండూ పాత ఏఎమ్4 సాకెట్. ఏఎమ్5కు పోతే రేపు చిప్పొక్కటి మారిస్తే అయిపాయె. కాకపోతే డీడీఆర్5 ర్యామే ఎయ్యాలె, బోర్డు గూడ పిరమే.”

రెండో చాయ్ వచ్చేసరికి లెక్క డెబ్బై వేలు దాటింది. కుర్రాడి మొహం చూసి అన్నకే జాలేసింది.

“గందుకే చెప్తున్న. ఆర్నెల్లు ఆగు. కొత్తయొస్తే పాతవాటి రేట్లు దిగుతయ్.”

ఆ మాట మీద ముందుగా ఆగింది ఆయనే. ఇంట్లో ఉన్నది కోర్ 2 డుయో, దాని మీద ఇస్త్రీ బట్టలు పెడతారు. ఆయన ఆటలన్నీ ఫోన్లోనే.

అట్లాగని ఉత్త మాటల మనిషి కాదు. చివర ఎఫ్ ఉన్న చిప్పులో సొంత గ్రాఫిక్స్ ఉండదని తెలియక, కార్డు మెల్లగా కొందామని నల్లటి తెర ముందు కూర్చున్నవాడికి తన పాత కార్డు అరువిచ్చింది ఈయనే. ఇంకొకడు 5600ను చేజార్చాడు. దాని అడుగున 1331 పిన్నులు, వెంట్రుకల్లాంటివి, ఓ మూలవి వంగిపోయాయి. అన్న ఫోన్ టార్చ్ పెట్టి, ములికి తీసేసిన క్లచ్ పెన్సిల్ కొనను ఒక్కో పిన్నుకు తొడిగి, నిలువుగా లేపాడు. ఫ్యాను ఆపించాడు. పక్కన ఎవరైనా దగ్గినా కోప్పడ్డాడు. చిప్పు సాకెట్లో దానంతటదే దిగింది. బియ్యపు గింజను మించకుండా పేస్టు పెట్టి, కూలర్ బిగించి, బటన్ నొక్కి, తెర మీద అక్షరాలొచ్చాకే ఊపిరి వదిలాడు. డబ్బులిస్తే మాత్రం కోపం.

కార్గో కుర్రాడు ఆర్నెల్లు ఆగలేదు. వీక్లీ ఆఫ్ చూసుకుని, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీకి పోయి, మొదట చెప్పిన 12100ఎఫ్‌నే తెచ్చుకున్నాడు. సంగతి తెలిసి అన్న రూముకొచ్చాడు. డబ్బా తిప్పి చూశాడు.

“ఎంతకిచ్చిండు?”

కుర్రాడు చెప్పాడు.

“ఐదొందలు ఎక్కువ తీస్కుండు,” అని కుర్చీ లాక్కున్నాడు. “ఏదీ, ఫ్రేములెట్లొస్తున్నయో చూద్దాం.”

రాత్రి తొమ్మిదైంది.

“అన్నా, డ్యూటీకి టైమైతుంది.”

“పోయిరా తమ్మీ,” అన్నాడు తెర మీంచి కళ్లు తిప్పకుండా. “తాళం నేనేస్త.”