తరుగు ఆగింది

2022 ఏప్రిల్ 4న మా కృష్ణా జిల్లాకి ఆపరేషను జరిగింది. నూజివీడు, కైకలూరు కోసి ఏలూరు జిల్లాకి కలిపి కుట్టారు. బందరు వైపు ముక్కకి పాత పేరు ఉంచారు. జగ్గయ్యపేట, నందిగామ, బెజవాడ ఉన్న ముక్కకి ఎన్టీఆర్ జిల్లా అని పేరు పెట్టారు. అంత జిల్లా ఒక్క పూటలో చిక్కిపోయింది. ఆ తర్వాత ఇంకో అంగుళం కూడా తగ్గలేదేమని దాన్ని ఇంతవరకు ఎవరూ నిలదీయలేదు. నన్ను మాత్రం మా జగ్గయ్యపేట బస్టాండు నుంచి నందిగామ గాంధీ సెంటరు దాకా అందరూ నిలదీస్తున్నారు.

బరువు తగ్గడానికి నాకు చేసింది స్లీవు ఆపరేషను. పొట్టలో ముప్పాతిక భాగం పైనే కోసి తీసేసి, అరటికాయంత గొట్టం మిగులుస్తారు. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ కోసేసిన సంచిలోనే. నా ఎత్తు 170 సెంటీమీటర్లు, అప్పటి బరువు 128 కిలోలు. బీఎంఐ 44. మన దేశంలో డాక్టర్లు చాలాకాలం పాటించిన లెక్క ప్రకారం 37.5 దాటితే కోయవచ్చు, షుగరు లాంటిది తోడుంటే 32.5 దాటినా కోయవచ్చు. నాకు షుగరూ ఉంది. జన్మలో నేను డిస్టింక్షనులో పాసైన పరీక్ష అదొక్కటే.

ఊళ్ళో మాత్రం పిత్తాశయంలో రాళ్ళని చెప్పాం. చుట్టూ సున్నపురాయి క్వారీలు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న ఊరు మాది. ఇక్కడ పుట్టినవాడి కడుపులో రాళ్ళంటే నమ్మనివాడు ఉండడు. నెల తిరిగేసరికి పదమూడు కిలోలు పోయాయి. "ఏం రాళ్ళు బావా అవి, గ్రానైటా?" అన్నాడు మా మేనత్త కొడుకు. రహస్యం అక్కడితో సరి.

అసలు చిక్కు నా ఉద్యోగంతో వచ్చింది. నందిగామ దగ్గర ఒక జిన్నింగు మిల్లులో పాతికేళ్ళుగా కాటా గుమాస్తాని. రైతు తెచ్చిన పత్తి తూచడం, తేమ చూడడం, తరుగు తీయడం నా పని. పత్తి కొనే సర్కారు సంస్థ సీసీఐ లెక్కలో తేమ ఎనిమిది శాతం దాటితే ధరలో కోత, పన్నెండు దాటితే సరుకు వెనక్కి. ఇన్నేళ్ళలో ఎన్ని వేల క్వింటాళ్ళకి తరుగు రాశానో! నా తరుగు ఆగిపోయిన రోజున జాలిపడే రైతు దొరుకుతాడా?

మొదటిసారి మూడో వారంలో ఆగింది. నీళ్ళు, మజ్జిగతేట, పలచటి ఉలవచారు తప్ప లోపలికేమీ పోవడం లేదు, కాటా కదలడం లేదు. భయపడి ఫోన్ చేస్తే, "చాలామందికి అంతేనండీ, వారం ఆగండి" అన్నారు డాక్టరుగారు. ఆగాను. కదిలింది. ఆ ధైర్యంతోనే సంక్రాంతి దాకా లాక్కొచ్చాను. భోగి నాడు పొద్దున తూగితే 96.4. కనుమ నాడు 96.4. శివరాత్రికి కూడా 96.4. పరమశివుడికైనా ఆ రాత్రి జాగరణ ఉంది గానీ మా కాటాకి చలనమే లేదు.

బెజవాడ వెళ్ళాం. డాక్టరుగారు నా కాగితాలన్నీ తిరగేసి, "మీకు ప్లాటో వచ్చిందండీ" అన్నారు.

"ఎన్ని గజాలండీ?" అంది మా ఆవిడ.

ఆవిడ తప్పు లేదు. హైవే పక్కన పదిహేనేళ్ళుగా మేం వింటున్న మాట అదొక్కటే. ఆయన నవ్వాపుకుని, ప్లాటో అంటే పీఠభూమి, ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు, చదునుగా ఉంటుందని చెప్పారు. చదును చేసిన భూమేగా, ప్లాటే కదా అన్నట్టు చూసింది మా ఆవిడ. మెట్ట ప్రాంతం వాళ్ళం, పీఠభూమి మాకు కొత్తేమీ కాదు. కొత్తల్లా దాని మీద చిక్కుకుపోవడం.

మర్నాడు మిల్లుకి వెళ్ళేసరికి వార్త నాకంటే ముందు చేరింది. వత్సవాయి వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన, ఏటా నాతో తరుగు దగ్గర పోట్లాడే మనిషి, ట్రాక్టరు దిగీ దిగకుండానే, "గుమాస్తాగారూ, తమకీ కాటా ఆగిందంటగా" అన్నాడు. ఊరుకున్నాను. "మొదట్లో పోయిందంతా తేమ అయ్యుంటది లెండి. మా పత్తికి చెప్తారుగా!" హమాలీలు బోరాలు దించడం మానేసి నవ్వారు. ఒకడు తేమ మీటరు తెచ్చి నా చేతికిచ్చాడు.

కోపం వచ్చిన మాట నిజమే. తర్వాత డాక్టరుగారిని అడిగితే, "ఆ రైతు చెప్పిందే వైద్యమండీ" అన్నారు. కాలేయంలో, కండల్లో మన ఒళ్ళు గ్లైకోజెన్ అని ఒక నిల్వ సరుకు దాస్తుందట. దాని ఒక్కో గ్రాముకి మూడు గ్రాముల దాకా నీరు అంటుకుని ఉంటుందట. తిండి ఆగగానే ముందు ఆ గోడౌను ఖాళీ అవుతుంది, నీళ్ళతో సహా. మొదటి రోజుల్లో పోయిన కిలోల్లో చాలా భాగం అదే. ఒళ్ళు కొత్త తిండికి అలవాటు పడి మళ్ళీ కాస్త నిల్వ, దాంతో కాస్త నీరు పట్టుకోగానే కాటా బిగుసుకుంటుంది. కొవ్వు మాత్రం లోపల కరుగుతూనే ఉంటుంది. అంటే పాతికేళ్ళ సర్వీసున్న కాటా గుమాస్తా, పచ్చి పత్తి తూకం చూసి తన ఒళ్ళు తగ్గిందని మురిసిపోయాడన్నమాట.

సంక్రాంతి నాటిది వేరే కథ. ముప్పై కిలోలు దించిన ఒంటికి మునుపటంత ఇంధనం అక్కర్లేదు. ఖాళీ లారీకి డీజిలు తక్కువ పడుతుందని మాకు ఒకరు చెప్పాలా? అయితే ఒంటికి లారీకి లేని ఇంకో పాడు బుద్ధి ఉంది. కరువొచ్చిందనుకుని, లెక్క ప్రకారం తగ్గాల్సినదాని కంటే ఇంకాస్త ఎక్కువగా ఖర్చు తగ్గించేస్తుంది. 1944-45లో అమెరికాలో మిన్నెసోటాలో ఆన్సెల్ కీస్ అనే ఆయన 36 మంది కుర్రాళ్ళకి ఆరు నెలలపాటు సగం తిండే పెట్టి ఈ సంగతి చూశాడు. గుండె కొట్టుకోవడం కూడా నెమ్మదించిందట. మా అమ్మమ్మ నెలాఖరులో దీపం వత్తి తగ్గించేది. నా ఒళ్ళు అచ్చం ఆవిడ పోలికే.

ఇవన్నీ విన్నాక నా తప్పేమీ లేదని తేల్చుకుని లేవబోయాను. పక్క గదిలో డైటీషియనమ్మాయి కూర్చోబెట్టింది. "అంకుల్, తిన్నది తిన్నట్టు పుస్తకంలో రాయండి." చిట్టా రాయడం నాకొక లెక్కా! రాశాను. వారం తిరిగాక నేనే చదువుకున్నాను. పొద్దున ఇడ్లీ ఒకటిన్నర. మధ్యాహ్నం గుప్పెడన్నం, పప్పు. రాత్రి గుడ్డు. ఇంతవరకు మహర్షి భోజనం. ఈ పద్దుల మధ్య చిల్లర పద్దులు: 10.20కి జంతికలు రెండు. 11కి జంతికలు మూడు, విరిగినవి. 12.15కి కారప్పూస, రుచి చూడ్డానికి. 4కి బూందీ, ఎదురింటివాళ్ళు పెట్టారు. 4.30కి అదే బూందీ, ఎదురింటివాళ్ళు పెట్టలేదు. అన్నం నాలుగు ముద్దలకే అడ్డం పడే గొట్టంలోంచి జంతిక మాత్రం నలిగి, పిండై, పేట చెక్‌పోస్టులో తెలిసినవాడి బండిలా ఆగకుండా వెళ్ళిపోతుందట. మేనత్త పంపిన పండగ డబ్బా ఒకటి శివరాత్రికి ఖాళీ అయింది. ఎలా అయిందో ఇంట్లో ఎవరికీ తెలియదనే ఇన్నాళ్ళూ అనుకున్నాం.

"వెధవ జంతికలకేనా ఆరు వారాలు కాటాని తిట్టారు?" అంది మా ఆవిడ.

కాటాని ఊరికే తిట్టలేదు, అప్పీలుకి కూడా వెళ్ళాను. ఇంట్లోది పాడయిందని మిల్లు కాటా ఎక్కాను, అదీ అదే చెప్పింది. ఆఖరికి ఎవరూ లేనప్పుడు లారీల వే బ్రిడ్జి మీద నిలబడ్డాను. అది పది కిలోల మెట్లలో గానీ చెప్పదు. నన్ను చూసి 100 అంది. ఆ రసీదు చింపేశాను.

సాయంత్రాలు నడవమన్నారు. మా పేటకి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తండ్రి పేరు పెట్టకముందు ఇది బేతవోలు. అంతకు ఎన్నో వందల ఏళ్ళ ముందే ఇక్కడ బౌద్ధులు స్తూపం కట్టారు. దాన్ని మేం ధనంబోడు అంటాం. అటే నడుస్తాను. అక్కడ దొరికిన మాంధాత చక్రవర్తి శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. ఆయన చెయ్యి పైకెత్తితే మబ్బుల్లోంచి నాణేలు రాలుతుంటాయి. బౌద్ధుల కథలో ఆయనకి భూమంతా చాలలేదు, కురిసిన ధనం చాలలేదు. స్వర్గానికి పోతే ఇంద్రుడు సగం సింహాసనం ఇచ్చాడు, అదీ చాలక మొత్తం కావాలనుకున్నాడు, దభీమని నేల మీద పడ్డాడు. ఈ కథ విన్నప్పుడల్లా మాంధాత అత్యాశ సంగతేమో గానీ, నాకు ఇంద్రుడి మీద జాలి. ముగ్గురి సీటులో నా పక్కన సగం సీటుతో నందిగామ దాకా వచ్చిన ప్రయాణికులు ఎంతమందో నాకు తెలుసు.

ఇప్పుడు ఆ సీటులో ముగ్గురం కూర్చుంటున్నాం. కాటా ఆగిన ఆరు వారాల్లోనూ బెల్టుకి కొత్తగా రెండు చిల్లులు పడ్డాయి, షుగరు మాత్రలు రెండు నుంచి ఒకటికి వచ్చాయి. జంతికల డబ్బాలో ఇప్పుడు మా ఆవిడ శొంఠి పోస్తోంది. రోజుకి అరవై గ్రాముల ప్రొటీను కోసం గుడ్లు, చేప, పెసలు చిట్టాకెక్కుతున్నాయి. అన్నంతోపాటు నీళ్ళు తాగను, తిన్న అరగంటకి తాగుతాను. ఏడాది, ఏడాదిన్నరకి అందరికీ ఎక్కడో ఒకచోట కాటా ఆగడం మామూలేనని డాక్టరుగారు ముందే చెప్పి ఉంచారు. ఈ పొద్దుటి తూకం 95.9. వత్సవాయి పెద్దాయనకి ఇంకా చెప్పలేదు, తేమ ఎంతంటాడని.

పేట బస్టాండులో కనబడితే పలకరించండి, అరకప్పు టీ ఇప్పించినా కాదనను. "ఎంతకొచ్చావ్?" అని మాత్రం అడక్కండి. అది మిర్చిని అడిగే మాట.