మొదలెడితే ఇంక మానలేవట!

బరంపురంలో ఒకరికి సుగర్ ఉందని తేలితే ఆ సంగతి డాక్టరు కంటే ముందు వీధికి తెలుస్తుంది. వైద్యం కూడా అక్కడే మొదలవుతుంది. ఫీజు లేదు, టోకెన్ లేదు. వైద్యుడే ఇంటికొచ్చి, కాఫీ తాగి, రెండు అప్పడాలు నమిలి మరీ వెళ్తాడు. మా ఊళ్లో ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీ కూడా ఉంది, 1962లో పుట్టింది. దక్షిణ ఒడిశా జిల్లాల జనంతో పాటు సరిహద్దు అవతలి ఇచ్ఛాపురం, సోంపేట వాళ్లు కూడా అక్కడికే పరుగెడతారు. పాపం, అంతదూరం వచ్చినవాళ్లు గేట్ బజారులో ఏదో ఒక టీ కొట్టు దగ్గర ఆగితే సరిపోయేదని వాళ్లకెవరూ చెప్పలేదు.

ఈ వీధి వైద్యానికి మూలసూత్రం ఒక్కటే. "ఏటైనా సెయ్యి బావూ, మందు మాత్రం మొదలెట్టకు. మొదలెడితే ఇంక జీవితాంతం మానలేవు."

చత్వారం వచ్చినవాడితో "కళ్లజోడు పెట్టకురా, అలవాటైపోద్ది" అని ఈ పెద్దమనుషుల్లో ఎవరూ అనగా వినలేదు. కళ్లజోడు జీవితాంతం పెట్టుకోవచ్చు. జర్దా కిళ్లీ జీవితాంతం వేసుకోవచ్చు. పొద్దున్నే ఉప్మా మీద గుగ్ని పోయించుకుని తినడమైతే మా ఊళ్లో జన్మహక్కు. గోరంత మాత్ర మాత్రం వ్యసనమట! జీవితాంతం వదలనిది జబ్బేనని, మాత్ర దాని వెనకాల కాపలాకి వచ్చిందని చెప్పబోతే, "నీకు తెలీదు, ఇదంతా కంపెనీల నాటకం" అని ఒక నిట్టూర్పు. ఆ తర్వాత ఇంకో కప్పు కాఫీ, పంచదార కాస్త ఎక్కువగా.

రెండో సూత్రం మరీ గొప్పది. "సుగర్ మాత్రలు కిడ్నీలు తినేస్తాయి." ఈ మాట ఎక్కడ పుట్టినా పుట్టవచ్చు గానీ మా వైపు ఎందుకింత బాగా మొలకెత్తిందో తెలుసు. బరంపురం నుంచి రైలెక్కి సరిహద్దు దాటితే ఉద్దానం. కవిటి, సోంపేట, పలాస పల్లెల్లో మూత్రపిండాలు పాడై కుటుంబాలకు కుటుంబాలు చితికిపోయాయి. పలాసలో 2023 డిసెంబరులో ప్రత్యేకంగా కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి తెరవాల్సి వచ్చింది. ఆ జబ్బుకి కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చలేదు. వాళ్లని తికమక పెట్టిన విషయమేమిటంటే, అక్కడి రోగుల్లో చాలామందికి సుగరే లేదు. అంటే సుగర్ మాత్ర మొహం కూడా చూడనివాళ్లు. అయినా నేరం మాత్ర మీదే పడింది. నిజానికి అదుపు తప్పిన సుగర్, బీపీ మూత్రపిండాలను తింటాయి. సుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ కిడ్నీని పాడుచేయదు. కిడ్నీ ఇప్పటికే బాగా దెబ్బతిని ఉంటే ఆ మాత్ర ఒంట్లో పేరుకుంటుందని డాక్టర్లు మోతాదు తగ్గిస్తారు, లేదా మానిపిస్తారు. అంతే తేడా. ఈ ఉపదేశం చేసే పెద్దమనిషే మోకాలి నొప్పికి మందులషాపులో చీటీ లేకుండా డైక్లోఫెనాక్ పత్తా కొని మరమరాల్లా నమిలేస్తాడు. మూత్రపిండాలకి నిజంగా పడనిది అది. దాని జోలికి మాత్రం ఎవరూ పోరు, ఎందుకంటే దానికి "జీవితాంతం" అనే బిరుదు లేదు.

ఇక ప్రకృతి. కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి, పొడపత్రి, రాత్రి నానబెట్టిన మెంతులు, విజయసార చెక్క గ్లాసులో ఎర్రబడ్డ నీళ్లు. అవి తాగొద్దని నేననను. పరగడుపునే కాకర రసం తాగినవాడి మొహం చూస్తే అది తపస్సేనని ఒప్పుకోవాలి. నా తగాదా "ఆకు మంచిది, మాత్ర విషం" అన్నవాళ్లతోనే. మెట్‌ఫార్మిన్ కథ మొదలైంది గలేగా అనే యూరప్ మొక్క దగ్గర. పూర్వం అక్కడి నాటువైద్యులు వాడేవారు. పచ్చిగా మేసిన గొర్రెలు చచ్చేవి కూడా. అందులోని సంగతేమిటో రసాయన శాస్త్రం పట్టుకుంది. 1922లో డబ్లిన్‌లో మెట్‌ఫార్మిన్‌ని తయారుచేశారు, 1957లో జాన్ స్టెర్న్ అనే ఫ్రెంచి వైద్యుడు రోగుల మీద ఫలితాలు ప్రకటించాడు. మన సర్పగంధి కూడా అంతే. రుస్తుం వకీల్ అనే బొంబాయి డాక్టరు 1949లో దాని గురించి బ్రిటిష్ పత్రికలో రాశాకే బీపీ మందుగా ప్రపంచమంతా చూసింది. ఆకుని కొలిచి, విషం తీసి, మోతాదు కట్టి ఇస్తే అది ప్రకృతి కాకుండా పోతుందా?

పోనీ, వీళ్లందరి మధ్యా నిజంగా మాత్ర మొదలెట్టిన మనిషి సంగతేమిటి? మెట్‌ఫార్మిన్ మొదటి కొన్ని వారాలు చాలామందికి కడుపు తిప్పుతుంది. వికారం, నోట్లో ఇనుప రుచి, విరేచనాలు. రోజూ బస్సులో ఛత్రపురం కలెక్టరాఫీసుకి పోయే గుమాస్తా దారిలో బస్సు ఎక్కడ ఆపమంటాడు? ఏమని ఆపమంటాడు? భోజనంతో పాటు వేసుకోవాలనీ, చిన్న మోతాదుతో మొదలెట్టి మెల్లగా పెంచుతారనీ, అప్పటికీ పడకపోతే నెమ్మదిగా విడుదలయ్యే రకం ఉందనీ అతనికి చెప్పేవాళ్లు ఉండరు. మూడో రోజుకల్లా బావమరిది ఫోను మాత్రం వస్తుంది. "నే సెప్పలేదేటి? నీ ఒంటికి పడదని!"

సూరత్‌లో మరమగ్గం మీద 12 గంటల రాత్రి షిఫ్టు చేసే మన గంజాం జిల్లా కుర్రాడి ప్రశ్న ఇంకా గట్టిది. చీటీలో "రాత్రి భోజనం తర్వాత ఒకటి" అని ఉంది. ఏ భోజనం? డ్యూటీకి పోయేముందు తిన్నదా, తెల్లారి గదికొచ్చి తిన్నదా? దీనికి డాక్టరు దగ్గర జవాబుంది, టైము లేదు. బయట అరవైమంది కూర్చుని ఉంటే ఒక్కో రోగికి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో చెప్పకుండా మిగిలిపోయినదంతా వీధరుగు వైద్యుడికి మాన్యం కింద దక్కుతుంది. డాక్టర్లని కూడా ఇక్కడ వదిలిపెట్టలేను.

ఉపవాసాలొకటి. రెండేళ్లకోసారి చైత్రంలో ఠాకురాణీ యాత్ర వస్తుంది. మన దేరా నేతవాళ్ల కులపెద్ద దేశిబెహరా ఇంటి ఆడపడుచుగా అమ్మవారు పుట్టింటికొచ్చే వేళ. ఊరంతా వేషాలు, ఘటాలు, పొద్దున్నించీ పచ్చినీళ్లు ముట్టని ఆడవాళ్లు. గ్లిమెపిరైడ్ లాంటి మాత్ర వేసుకుని పస్తుంటే సుగర్ దబ్బున పడిపోతుంది. చెమటలు, వణుకు, మాట తడబాటు. గుంపులో అలా ఊగిపోయే ఇల్లాలిని చూసి జనం ఏమనుకుంటారో వేరే చెప్పాలా? పసుపునీళ్లు చల్లుతారు, హారతి పడతారు, తమ్ముడికి ఉద్యోగం ఎప్పుడొస్తుందని అడుగుతారు. ఆవిడకి ఆ క్షణాన కావలసింది గ్లాసుడు పంచదార నీళ్లు. అస్కాలో చక్కెర మిల్లు పెట్టుకున్న జిల్లాలో గుప్పెడు పంచదార దొరకదా!

ఇవన్నీ దాటి మూడు నెలలు గడిపినవాడికి చివరి పరీక్ష ఇంకా ఉంది. సుగర్ పరీక్షలో హెచ్‌బీఏ1సీ తొమ్మిది నుంచి ఆరున్నరకి దిగుతుంది. "నార్మలొచ్చేసింది కదా, ఇంక మందెందుకు?" పని చేసింది మాత్ర, సన్మానం మెంతుల నీళ్లకి. బరువు తగ్గి, తిండి మారి, డాక్టరు చూసి మాత్ర తగ్గించినవాళ్లూ, ఆపినవాళ్లూ ఉన్నారు. మా వీధి పద్ధతి అది కాదు. ఇక్కడ ఆపేది తోడికోడలు. ఐసీఎంఆర్ లెక్క 2023లో వచ్చింది. దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి సుగర్ ఉందట. సలహాదారులు ఎన్ని కోట్లో ఎవరూ లెక్కపెట్టలేదు.

సుగర్ నయం చేస్తామని ప్రకటన ఇస్తే నేరమని 1954 నుంచే చట్టముంది. 2024లో ఇలాంటి ప్రకటనల మీదే ఒక పెద్ద కంపెనీ చేత సుప్రీంకోర్టు పత్రికల్లో క్షమాపణలు వేయించింది. అరుగు మీది మాటకి ఆ చట్టం అందదు. అందుకని నాదో చిన్న మనవి. "మందు మానెయ్" అన్న ప్రతి బంధువూ ఆ మాట తెల్లకాగితం మీద రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాలి. ఆర్నెల్లకి పరీక్ష డబ్బులు వాళ్లే కట్టాలి. పొరపాటున డయాలసిస్ దాకా వస్తే వారానికి రెండు మూడుసార్లు ఎవరి స్కూటరు మీద తీసుకెళ్తారో, ఆ నాలుగేసి గంటలు బయట బెంచీ మీద ఎవరు కూర్చుంటారో, అదీ ఆ కాగితంలోనే రాయాలి.